జడలున్న ఫొటో

వచ్చే సోమవారం పిల్లకు కీమో పెట్టాలని కొడుకు ఫోన్లో చెబితే, పరకాలలో ఉన్న సమ్మమ్మకు కీమా పెట్టాలని వినబడింది. ఇన్నాళ్లకు డాక్టర్లకు బుద్ధి వచ్చిందనుకుంది ఆమె. సెలైన్లు ఎక్కిస్తే ఒంటికి నీరు పడుతుంది గానీ నెత్తురు పడుతుందా? మంగళవారం తెల్లవారగానే మటన్ దుకాణం ముందు నిలబడి, లేత మేక తొడ వేలుపెట్టి చూపించి, రెండుసార్లు కొట్టించి మరీ కీమా తీసుకుంది. మెంతికూర వేసి, కారం సగానికి సగం తగ్గించి వండింది. డబ్బా మూత మీద గుడ్డ కట్టి, దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి హనుమకొండలో దిగింది. సుబేదారిలో కొడుకు ఇంటి గడపలో చెప్పులు విడుస్తూనే, సోమవారం దాకా ఆగుడెందుకు, ఇయ్యాల్నే మొదలువెడదామని ప్రకటించింది.

ఒక్క ఓత్వం దీర్ఘమైనందుకు ఇల్లంతా ఘుమఘుమలాడింది. కోడలు కళావతి పరుగున పోయి కిటికీలన్నీ తెరిచింది. ఆ ఇంట్లో తాలింపు వేసి చాలా రోజులైంది. కూర వాసన తగిలితే చాలు పిల్ల బాత్‌రూమ్‌కు పరిగెత్తుతుంది. కొడుకు రాజమల్లు మాత్రం గోడకు జారగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దవాఖానల పెట్టేది కీమో అవ్వా, నువ్వు తెచ్చింది కీమా. అది నరానికెక్కేది, ఇది నాలుకకెక్కేది."

సమ్మమ్మకు నవ్వు రాలేదు. గరిటె పట్టుకుని గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడిపోయింది. అంతలో లోపలి గదిలోంచి యమున వచ్చింది. తొమ్మిదేళ్లు. నెత్తిన ఊదారంగు ఉన్ని టోపీ, దాని కింద కనుబొమలు కూడా లేని ముఖం. వచ్చి పీట మీద కూర్చుంది. అందరూ ఆమె ముక్కు వైపే చూస్తున్నారు. ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద తిన్నది. నాలుగు రోజులుగా బత్తాయి రసం తప్ప మరొకటి ముట్టని పిల్ల మూడో ముద్ద చేతిలో పట్టుకుని అడిగింది:

"నానమ్మా, ఈ కీమా కోర్సు ఎన్ని రోజులుంటది?"

కళావతి వంటింట్లోకి పోయి నల్లా విప్పి, చాలాసేపు ముఖం కడుక్కుంది.

నోరున్నవాడిదే ఊరంటారు. రాజమల్లుకు నోరూ ఉంది, ఊరంతా తన ఫ్లెక్సీలూ ఉన్నాయి. అదాలత్ సెంటర్ దగ్గరి సందులో ఆయన దుకాణం. పుట్టినవాళ్లూ, పదవులు పట్టినవాళ్లూ, పోయినవాళ్లూ అందరూ తన మిషన్ నోట్లోంచే బయటికి రావాలని, పైన బ్రహ్మ రాసేది కనబడదు గానీ కింద రాజమల్లు రాసేది అర కిలోమీటరు నుంచి కనబడుతుందని గిరాకీలతో గొప్పలు పోయేవాడు. రెండేళ్ల కింద పిల్లకు నెత్తుటి క్యాన్సరని తెలిసినప్పుడు కూడా ఆ నోరు మూతపడలేదు. హైదరాబాద్ దవాఖానలో నర్సులను కూర్చోబెట్టుకుని, యముడు మా యమునకు సొంత అన్న అని చెప్పేవాడు. కార్తీకంలో చెల్లె ఇంటికి వచ్చి, అన్నం తిని, చీరె పెట్టి పోవాల్సిన అన్న చెల్లెను తోల్కపోతడా అని అడిగేవాడు. నర్సులు నవ్వేవాళ్లు.

జబ్బు తిరగబెట్టాక ఆ జోకు మానేశాడు. మొన్న పెద్ద డాక్టరు కాగితాలు చూసి, కళ్లజోడు తీసి, "చూద్దాం" అన్నాడు. ఆ మాట రాజమల్లుకు పాత పరిచయం. ఫ్లెక్సీ కట్టించుకుని పైసల సంగతి అడిగితే లీడర్లు అనే మాట అది.

మంగళవారం సాయంత్రమే దుకాణానికి స్రవంతి వచ్చింది. కాలేజీలో జీవశాస్త్రం చెప్పే అమ్మాయి. పిల్లల క్యాన్సర్ మీద పరిశోధనకు విరాళాలు పోగుచేయడానికి ఆదివారం పొద్దున నడక పెట్టారు. ఆ కమిటీలో ఆమె ఒకతి. పిల్లల కోసమని కనిపెట్టిన మందులు తక్కువని, చాలావరకు పెద్దవాళ్ల మందునే పిల్లల కొలతకు తగ్గించి ఇస్తున్నారని, అందుకే జబ్బు పోయినా దాని దెబ్బ ఒంట్లో ఉండిపోతుందని ఆమె ఓపిగ్గా చెప్పింది. రాజమల్లుకు వెంటనే అర్థమైంది. చౌరస్తా కోసం చేసిన నలభై అడుగుల డిజైన్‌ను విజిటింగ్ కార్డు మీద కొడితే అక్షరాలు అలుక్కుపోతాయి. చిన్నదానికి మొదటి నుంచీ చిన్నదిగానే గీయాలి. ఫ్లెక్సీలు ఉత్తగనే కొట్టిస్తానన్నాడు. స్రవంతి కాసేపు తటపటాయించి, ఎవరైనా ఒక పిల్ల ముఖం ఉంటే జనం ఆగి చూస్తారని, ఇంట్లో అందరికీ ఇష్టమైతేనే అని అన్నది.

ఇంట్లో కళావతికి ఇష్టం లేదు. ఉన్న దిష్టి చాలక ఊరి దిష్టి కూడానా అన్నది. యమున మాత్రం మంచం మీద లేచి కూర్చుంది. ఆమె క్లాసులో అందరికీ బర్త్‌డే ఫ్లెక్సీలు పడ్డాయి. లావణ్యకైతే ఏటా పడుతుంది, అదీ యమున వాళ్ల నాన్న దుకాణంలోనే. ఫ్లెక్సీలాయన బిడ్డకే ఫ్లెక్సీ లేదు. పెడితే జడలున్న ఫొటోనే పెట్టాలని, ఒకటి స్కూలు మూలమలుపులో కట్టాలని రెండు షరతులు పెట్టింది. రెండోది ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా అన్నట్టు ఉండే లావణ్య నాలుగు నెలలుగా ఈ ఇంటి గడప తొక్కలేదు.

బుధవారం పొద్దున రాజమల్లు షట్టర్ సగమే ఎత్తి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ ఫొటో రెండేళ్ల కింద స్కూలు ఐడీ కార్డుకు దిగింది. రెండు జడలు, రెండు రిబ్బన్లు, ఫొటోగ్రాఫరు నవ్వొద్దన్నాడని బిగపట్టిన మూతి. చిన్న ఫొటో కదా, పెంచితే వెంట్రుకలు మసకబారాయి. రాజమల్లు దాన్ని తెర నిండా పెద్దది చేసుకుని, మౌసుతో ఒక్కొక్క వెంట్రుకనూ గీశాడు. పాపిట సరిచేశాడు. చెవి వెనక జారిన పాయను పైకి తెచ్చాడు. ఆ జడలను రోజూ వేసింది కళావతి. ఊడినప్పుడు దిండు మీద ఏరింది కళావతి. ఆయన చెయ్యి వాటిని తాకడం అదే మొదటిసారి. రెండు గంటలు పట్టింది. మిగతా పని పది నిమిషాలు. పాత ఫైలొకటి తెరిచి పేర్లు తీసేశాడు. ఫొటోను నడిమధ్యన కోడిగుడ్డు ఆకారంలో పెట్టాడు. పిల్లల క్యాన్సర్‌కు గుర్తు బంగారు రంగు రిబ్బనట, స్రవంతి పంపిన దాన్ని ఫొటో చుట్టూ తిప్పాడు. 'చిన్నారి యమున' అని పెద్దగా, పరిశోధన సంగతి చిన్నగా, అడుగున ఆదివారం తేదీ. మూలలు బోసిగా ఉంటే అటొక దీపం, ఇటొక దీపం పెట్టాడు. కుర్చీ వెనక్కి నెట్టి చూస్తే ఎంతో ప్రశాంతంగా అనిపించింది.

మిషన్ తల అటూ ఇటూ పరిగెత్తుతూ ముందు జడలను, తర్వాత కళ్లను, తర్వాత మూతిని కక్కింది. సిరా వాసనలో నిలబడి రాజమల్లు అంచులు మడిచి, మూలలకు రింగులు కొట్టాడు. ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గర ఫ్లెక్సీలు కట్టే యాకయ్య వచ్చి, ఒకటి విప్పి చూసి, మళ్లీ చుట్టి, ఏమీ మాట్లాడకుండా నిచ్చెన భుజాన వేసుకుపోయాడు. సాయంత్రానికి కాజీపేట రోడ్డు దాకా ఎనిమిది చోట్ల యమున నిలబడింది.

గురువారం పొద్దున్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చేసినవాళ్లు మాట్లాడటం లేదు, గొంతు సవరించుకుంటున్నారు. ఎట్లున్నరని అడుగుతున్నారు. మంచిగున్నమంటే అవతల నిశ్శబ్దం. ధైర్యంగా ఉండాలని, అంతా పైవాడి దయ అని పెట్టేస్తున్నారు. పోస్టరు పని చేస్తున్నదని రాజమల్లు సంబరపడ్డాడు. పది గంటలకు ఇంటి సందు మొదట్లో ఆటో ఆగింది. సమ్మమ్మ తోడికోడలు కట్టమ్మ, మరొకామె దిగారు. మోకాళ్ల డాక్టరు కోసం పరకాల నుంచి వస్తున్నవాళ్లు, బస్సు కిటికీలోంచి కనబడినదాన్ని చూసి మోకాళ్ల నొప్పి మరిచిపోయి వచ్చారు. ఆటో దిగిన దగ్గర్నుంచే రాగం ఎత్తారు. ఓ నా బంగారు బిడ్డా, ఓ నా ముత్యాల తల్లీ అని కట్టమ్మ రొమ్ము బాదుకుంటూ వచ్చి తలుపు తోసింది. తలుపు లోపలివైపు నుంచి తెరుచుకుంది. చేతిలో ఇడ్లీ ప్లేటుతో, నెత్తిన ఊదా టోపీతో యమున నిలబడి ఉంది.

"ఎవలు సచ్చిపోయిన్రు చిన్ననానమ్మా?"

కట్టమ్మ మెట్టు మీదనే కూలబడింది. రాగం సగంలో తెగిపోయి నోరు మాత్రం తెరిచే ఉంది.

తర్వాత జరిగిందాంట్లో ఎవరు ఎవరికి సర్దిచెప్పారో తెలియదు. కట్టమ్మ పిల్ల ఒళ్లంతా తడిమింది, మెటికలు విరిచింది, ఇంతలో సిగ్గు ముంచుకొచ్చి గబగబా ఆటో ఎక్కబోయింది. సమ్మమ్మ సందులోకి ఉరికి ఆటోకు అడ్డం నిలబడింది. చావింటికి వచ్చినట్టు చెప్పకుండా పోతున్నారేందని, మర్లి వచ్చి కూర్చుని, చాయ్ తాగి, చెప్పి పోవాలని పట్టుబట్టింది. ఇద్దరూ వెనక్కి వచ్చారు. చాయ్ తాగారు. గడప దాటుతూ యమునకు మూడుసార్లు పోయొస్తమని చెప్పారు. ఎందుకట్లా అని యమున అడిగితే సమ్మమ్మ చెప్పింది: చావింటి నుంచి పోయేటోళ్లు పోయొస్తమని అనరు; అసోంటి పనికి మళ్లీ రాకూడదు గనక ఊకనే లేచిపోతారు. యమున తల ఊపి, చల్లారిన ఇడ్లీ ముక్కను ప్లేటులో అటూ ఇటూ జరిపింది.

రాజమల్లు అదాలత్ సెంటర్‌కు పోయి రోడ్డు అవతల నిలబడ్డాడు. తన ఫ్లెక్సీని తాను దారినపోయేవాడిలా చూడటం ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చేయలేదు. ఈ ఊళ్లో ఫ్లెక్సీని ఎవరూ చదవరు, చూస్తారు. ఆ సంగతి గిరాకీలకు చెప్పేది తనే. ఇప్పుడు చూశాడు. కోడిగుడ్డు ఆకారంలో నవ్వని పిల్ల. చుట్టూ బంగారు దండ. రెండు వైపులా దీపాలు. కింద తేదీ. వెనక లేత నీలం ఆకాశం, తెల్లని మబ్బులు, మబ్బుల నడుమ నుంచి దిగుతున్న వెలుతురు. ఆ ఆకాశాన్ని గుర్తుపట్టాడు. నిరుడు మడికొండ ముసలామె దశదినకర్మకు తనే చేసిన ఆకాశం అది. బుధవారం పొద్దున తెరిచిన పాత ఫైలు అదే. కంప్యూటర్లో వేల ఫైళ్లున్నాయి, పుట్టినరోజులవే ఎక్కువ. వాటన్నిటినీ దాటుకుని చెయ్యి దాని దగ్గరికే ఎందుకు పోయింది? కన్నంతా జడల మీద ఉంది, నిజమే. వెంట్రుకలు లెక్కపెడుతున్నవాడికి వెనక ఆకాశం కనబడదు. కానీ చెయ్యి చూసింది. జబ్బు తిరగబెట్టినప్పటి నుంచి నోరు అనని మాటను చెయ్యి ఎనిమిది చోట్ల అచ్చువేసింది.

స్తంభం దగ్గర యాకయ్య బీడీ తాగుతూ కనబడ్డాడు. కట్టేటప్పుడు నీకేమనిపించలేదా అని రాజమల్లు నిలదీశాడు. యాకయ్య బీడీ ఆర్పేసి తల దించుకున్నాడు.

"చెప్పులిడిసి కట్టిన మల్లన్నా. నువ్వు చెప్పలే, నేనడగలే. బిడ్డ పోయినా పనిల వడ్డవని, గుండె గట్టిదనుకున్న."

రాజమల్లు దించెయ్ అన్నాడు. యాకయ్య నిచ్చెన ఆనించేలోపే కమిటీ కోశాధికారి కిషన్ రావు స్కూటర్ ఆగింది. ఆయన సంగతంతా విన్నాడు, బాధపడ్డాడు, నిజంగానే బాధపడ్డాడు. కానీ నిచ్చెన మీద చెయ్యి వేశాడు. నిన్నటిదాకా చౌరస్తాల్లో పెట్టిన విరాళాల డబ్బాల్లో చిల్లర చప్పుడు తప్ప ఏమీ లేదట. ఈ పొద్దున్నుంచి జనం ఆగుతున్నారట, కళ్లు తుడుచుకుంటున్నారట, నోట్లు మడిచి వేస్తున్నారట. మనం అబద్ధం రాయలేదు కదా, వాళ్లు అనుకుంటే మన తప్పా? ఆదివారం దాకా ఉండనీ. ఆ పైసలు పోయేదెవరి కోసం, ఇలాంటి పిల్లల కోసమే కదా.

"బతికున్న పిల్లంటే 'అయ్యో' అంటరు రాజమల్లూ. పోయిన పిల్లంటెనే జేబుల చెయ్యి పెడ్తరు. మన జనం అంతే."

ఇంటికి వస్తే సమ్మమ్మది ఇంకో వాదం. బతికున్న మనిషి చచ్చినట్టు పుకారు పుడితే గండం గడిచి, ఆయుష్షు పెరుగుతుంది. రాజమల్లు చిన్నతనంలో బావిలో పడ్డాడని ఊరంతా ఏడ్చింది. ఇప్పుడు చూడు, గుండ్రాయిలా ఉన్నాడు. ఎంతమంది నమ్మితే అన్నేళ్లు. దించొద్దు, ఇంకో నాలుగు కట్టించుమన్నది. ఆయుష్షు అన్న మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది?

ఒకరికి నిధి కోసం, ఒకరికి విధి కోసం, పిల్ల ఆదివారం దాకా చచ్చిపోయి ఉండాలి. రాజమల్లు దేవుడికి దండం పెట్టే రకం కాదు. అయినా ఆ మధ్యాహ్నం తల్లి మాటకు తల వంచి యాకయ్యకు ఫోన్ చేశాడు. దించాల్నా అని యాకయ్య అడిగాడు.

"చూద్దాం," అన్నాడు రాజమల్లు. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం యమున గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. స్కూలు మూలమలుపులో ఫ్లెక్సీ పడి మూడో రోజు. అయిదింటికి లావణ్య వచ్చింది, వాళ్లమ్మతో. వాళ్లమ్మ చేతిలో ఏమీ లేదు. చావింటి పరామర్శకు పోయేటప్పుడు పండ్లూ పూలూ తీసుకుపోరు. గేటు ఇవతల కుర్చీలో ఉన్న పిల్లను చూసి ఆమె అడుగు ఆగిపోయింది. లావణ్య తల్లి చీర కొంగు పట్టుకుని వెనక్కి నక్కింది. యమున లేచి గేటు తీసింది. రమ్మని పిలిచింది. లావణ్య రాలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఏడుపు లంకించుకుంది. లోపల్నుంచి రాజమల్లు పరుగున వచ్చేసరికి లావణ్య తల్లి తడబడుతూ, గురువారం ప్రార్థనలో రెండు నిమిషాలు మౌనం పాటించారని, పిల్లలకు ఒంటిపూట సెలవు కూడా ఇచ్చారని, అప్పటి నుంచి తన బిడ్డ అన్నం తినడం లేదని, నిద్రలో ఉలిక్కిపడుతున్నదని చెప్పింది. ఆ వెంటనే పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

యమున గేటు కమ్మీ పట్టుకుని సందు చివర దాకా చూసింది.

"ఆంటీ పోయొస్త అనలే, డాడీ."

రాజమల్లు కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. యమున అడిగింది, ఊరంతా తాను చచ్చిపోయిందనుకుంటున్నట్టు ఎప్పుడు తెలిసిందని. నిన్న అన్నాడు. మరి ఎందుకు తియ్యలేదన్నది. ఆయన దాచలేదు. డబ్బాల సంగతి చెప్పాడు. నానమ్మ చెప్పిన ఆయుష్షు సంగతి చెప్పాడు. తానూ కొంచెం నమ్మానని చెప్పాడు. పిల్ల గోళ్లలో మిగిలిన పాత రంగును గోకుతూ విన్నది. అన్నీ విని, లెక్కల్లో తప్పు పట్టుకున్నదానిలా తల ఎత్తింది.

"ఆయుష్షు పెరుగుతది, మంచిదే. గని లావణ్య రాదు గద."

గడపలో నిలబడి వింటున్న సమ్మమ్మ లోపలికి పోయింది.

"పాతది తీసేసి కొత్తది కొట్టు డాడీ. గుండుదే పెట్టు." యమున టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "సచ్చిపోయినోళ్లది గుండు ఫొటో ఎవలూ పెట్టరు. మంచిగున్నప్పటిదే పెడ్తరు. గుండుంటే బతికున్నట్టే."

ఇరవై ఏళ్ల అనుభవమున్న డిజైనరుకు ఆ ముక్క తట్టలేదు. ఫోన్ తీశాడు. మొదటిది చెదిరింది. రెండోదాంట్లో యమున నాలుక బయటపెట్టి వెక్కిరించింది, ఆ సాయంత్రపు ఎండ బోడితల మీద పడి మెరిసింది. దాన్నే ఖాయం చేసింది.

దుకాణానికి పోయే దారిలో స్రవంతికి ఫోన్ చేశాడు. నిచ్చెన దగ్గర జరిగింది ఆమెకు తెలియదు. విన్నాక, బతికున్న పిల్లలు బతకడానికే కదా సార్ మనం నడిచేది అన్నది. కిషన్ రావుతో తాను మాట్లాడతానన్నది. ఈసారి రాజమల్లు ఏ పాత ఫైలూ తెరవలేదు. తెల్లటి ఖాళీ తెర మీద మొదలుపెట్టాడు. ఆకాశం లేదు, దీపం లేదు. పసుపుపచ్చ రంగు మీద ఫ్లెక్సీ నిండా నాలుక బయటపెట్టిన గుండు పిల్ల. పక్కన, 'నేను యమునను. ఆదివారం నాతో నడవండి.' చీకటి పడేలోపు ఎనిమిదీ మారిపోయాయి. యాకయ్య ఈసారి చెప్పులు వేసుకునే ఎక్కాడు.

శనివారం ప్రార్థన వేళకు అందరూ స్కూలుకు పోయారు. నెత్తుటి కౌంట్లు ఫరవాలేదని, ఆరుబయట, మాస్కుతో, పది నిమిషాలైతే పోవచ్చని హైదరాబాద్ నుంచి నర్సు చెప్పింది. అయినా కళావతి పిల్ల నెత్తిన గొడుగు పట్టి, దగ్గరికి రాబోయిన గాలిని కూడా అనుమానంగా చూసింది. సమ్మమ్మ వెనకాల నిలబడింది. విరాళాల డబ్బా పట్టుకుని స్రవంతి వచ్చింది. హెడ్‌మాస్టరు రాంప్రసాద్ సారు ముఖం పాలిపోయి ఉంది. ఫ్లెక్సీ చూసి, ఫోన్ చేసి కూడా అడగకుండా మౌనం పాటించినందుకు రాత్రంతా తిట్టుకున్నానని చెప్పి, రాజమల్లు చేతికి మైకు ఇచ్చాడు. మూడు వందల మంది పిల్లలు వరండాలో ఉన్న ఊదా టోపీ వైపే చూస్తున్నారు. నాలుగో తరగతి వరుసలో లావణ్య మాత్రం తన బూట్ల వైపు చూస్తున్నది.

రాజమల్లుది మైకు అక్కర్లేని గొంతు. అయినా ఆ పూట దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. తప్పు ఎవరిదీ కాదని, తనదేనని చెప్పాడు. పోయినవాళ్లకు పెట్టే ఆకాశాన్ని ఉన్న పిల్లకు పెట్టానని, రిబ్బను దండలా కనబడుతుందని, దీపాలు ఎందుకు పెట్టానో తనకే తెలియదని ఒక్కొక్కటీ విడమర్చాడు. గురువారమే తెలిసి కూడా శుక్రవారం దాకా దించలేదని కూడా చెప్పాడు. పిల్ల పోయిందనుకుని డబ్బాలో వేసినవాళ్లు వాపసు తీసుకోవచ్చని, ఉందని తెలిసి వేసినవాళ్లది పరిశోధనకు పోతుందని స్రవంతి వైపు చూపించాడు. స్రవంతి డబ్బా మూత తీసి ముందుకు చాచింది. ఎవరూ కదల్లేదు. అయిదో తరగతి వరుసలోంచి ఒకడు చెయ్యెత్తి, మొన్న ఇచ్చిన ఒంటిపూట సెలవు కూడా వాపసు తీసుకుంటరా సార్ అని అడిగాడు. మూడు వందల మందీ ఒక్కసారి గొల్లుమన్నారు. రాంప్రసాద్ సారు కూడా నవ్వి, చేతిరుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఆ నవ్వులో లావణ్య వరుస తప్పి బయటికి వచ్చింది. వరండా మెట్లకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

"నేను మౌనం ఉండలే యమునా. నడిమిట్ల నవ్విన. వెనకోడు బూటు తొక్కితే నవ్వొచ్చింది. నువ్వు సచ్చిపోతె నేను నవ్విన. గందుకే నిన్న భయమైంది."

మాస్కు పైన యమున కళ్లు చిన్నవయ్యాయి. చూసేవాళ్లకు నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియలేదు.

"మంచిగ చేసినవ్. మల్లోసారైనా గట్లనే నవ్వు."

మల్లోసారి అన్న మాట దగ్గర కళావతి చేతిలో గొడుగు ఒరిగింది. సమ్మమ్మ అందుకుని నిలబెట్టింది. చెప్పాల్సినవన్నీ చెప్పేసిన రాజమల్లు, చెప్పనిదొక్కటి మిగిలిందని, అది బిడ్డకు ఎప్పుడో తెలుసని, ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని కూర్చుందని ఆ నిమిషంలో తెలుసుకున్నాడు.

పది నిమిషాలు అయిపోయాయి. మెట్లు దిగబోతూ యమున ఆగి, మాస్కు కొంచెం కిందికి లాగింది. కళావతి వద్దనేలోపే అన్నది.

"సోమవారం దవాఖానకు పోతాన్న. పోయొస్త."

ఏం అనాలో పిల్లలకు ఎవరూ నేర్పలేదు. అయినా రోజూ గుడ్ మార్నింగ్ చెప్పే రాగంలోనే, సాగదీసి, మూడు వందల గొంతులూ ఒక్కటై అన్నాయి: పోయి రా యమునా. అందరికంటే గట్టిగా అనాల్సినవాడు మైకు పట్టుకునే ఉన్నాడు. అది ఇంకా ఆన్‌లోనే ఉంది. స్పీకర్లోంచి ఆయన ఊపిరి ఒక్కటే వినబడింది.